వ్రాతపని తెరపై తెలుగు అక్షరము

కళ, వేషభూషలు, విద్య, కంప్యూటరు - ఈ నాలుగును వేఱువేఱు శాస్త్రములని మనము తలచుచుందుము. విశ్వవిద్యాలయములలో వాని శాఖలును వేఱు. అయినను కొన్ని వస్తువులు ఈ సరిహద్దుల నెఱుగవు. మన పెద్దలు వ్రాతపని యనియు, లోకము కలంకారి యనియు పిలుచు గుడి తెర అట్టి వస్తువు. అది చిత్రము, అది వస్త్రము, చదువురానివారికి పురాణము బోధించిన బడియు నదియే, నేడు కంప్యూటరు తెరపై కనబడు ఛాయాచిత్రమును నదియే. పరిశోధకుడు ఏ ఒక్క శాఖలో నిలిచి చూచినను ముక్కాలు భాగము చేజారిపోవును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న మనవారు ఈ పరిశోధనకు చేయదగిన సాయ మొకటి కలదు. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా తెర తయారగు విధము తెలియవలెను. శ్రీకాళహస్తిలో ముతక నూలుగుడ్డను కరక్కాయ పొడియు పాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి కసిమి యను ద్రవమును తీయుదురు. వెదురు కలముతో దానిని గుడ్డపై గీయగా, కరక్కాయ సారమును ఇనుమును కలిసి నల్లని రేఖ ఏర్పడును. పటిక పూసినచోట మాత్రమే ఎఱ్ఱరంగు నిలుచును. మచిలీపట్నమునందు కలమునకు మారుగా చెక్క అచ్చులు ప్రధానము. గుడి తెరలలో కథను వరుసలుగా పేర్చి, బొమ్మలను ఆనుకొని సన్నని పట్టీలలో కథాంశమును వ్రాయుట కలదు. శ్రీకాళహస్తి తెరలపై ఈ వ్రాత తెలుగు లిపిలో నుండును. బొమ్మను గీసిన కసిమియే అక్షరమునకును సిరా.

ఈ విద్య ఆంధ్రదేశమునకే పరిమితము కాదు. తెలుగు నాయకరాజు లేలిన తంజావూరి సీమలో, కుంభకోణ ప్రాంతమున, సిక్కల్‌నాయకన్‌పేట మఱియొక కేంద్రము. ఆ ప్రాంతముననే కోడలికరుప్పూరు చీరలు తంజావూరి మరాఠా రాజకుటుంబముకొఱకు సిద్ధమయ్యెడివి. జరీనేతయు అద్దకమును ఒకే వస్త్రములో కలిపిన ఆ పని 19వ శతాబ్ది చివరకు అంతరించెను. లోతికా వరదరాజన్ 1982లో వెలువరించిన గ్రంథమున దక్షిణదేశపు కలంకారి సంప్రదాయములను పరిశీలించిరి. లండను విక్టోరియా ఆల్బర్ట్ సంగ్రహాలయపు గుడి తెరలపై అన్నా దల్లాపిక్కోలా గ్రంథము 2015లో వెలువడెను. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గుఱ్ఱప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించెను.

ఇక ఒక్కొక్క దృష్టికి గల కొఱతను చూతము. చిత్రకళ నెఱిగినవాడు విల్లు పట్టిన మూర్తిని చూచి రాముడో లక్ష్మణుడో యని సందేహించును. పట్టీలోని పేరు చదివినచో సందేహము తీరును. ఆ పేరు ‘లచ్చుమణుడు’ అని యున్నదనుకొందము. నిఘంటువు చేతబట్టిన పండితుడు దానిని తప్పని దిద్దును. కాని అది తప్పుగాక, వ్రాసినవాని ఉచ్చారణకు సాక్ష్యము కావచ్చును. దిద్దుటతో ఆ సాక్ష్యము నశించును. వేషభూషలను పరిశీలించువాడు యంత్రముపై ముద్రించిన గుడ్డను సైతము కలంకారి యని అమ్ముచున్న నేటి అంగడిలో చేతివ్రాతను వేఱుచేసి చూడనేర్వవలెను.

కంప్యూటరు విషయము మఱియు విచిత్రము. తెర ఛాయాచిత్రములో మనకు ‘సీత’ అను పేరు కనబడును. యంత్రమునకు అది చుక్కల కూర్పు మాత్రమే. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణములో తెలుగు వర్ణములకు సంకేతసంఖ్యలు ఏర్పడినవి. ఆ సంకేతములతో పట్టీలోని వ్రాతను టైపు చేసి చిత్రమునకు జోడించిననే, వెదకువానికి ఆ పేరుతో ఆ తెర దొరకును. అచ్చుపుస్తకమును యంత్రము కొంతవఱకు చదువును. మాసిన గుడ్డపై చేతివ్రాతకు చదివెడి మనిషియే దిక్కు.

ఇందు ఆలస్యమునకు తావు లేదు. ఇనుముతో చేసిన నలుపు కాలక్రమమున నూలును కొఱుకును. కనుక ఎఱుపు నిలిచియుండగనే నల్లని రేఖలును, వానితోపాటు అక్షరములును రాలిపోవచ్చును. మఱియొక వైపు చదువువారును తగ్గుచున్నారు. తమిళనాట 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధపాఠ్య మయ్యెను. నివసించు సీమ భాష నేర్చుట మనకు మేలే. అయితే ఇంట తెలుగు మాటాడుచు తెలుగు చదువలేని పిల్లలు మన తరగతులలోనే ఉన్నారు. గుడ్డపై అక్షరమును, దానిని చదువు కన్నును ఒకే కాలమున క్షీణించుచున్నవి.

కావున మన సంఘములును పాఠశాలలును చేయదగిన పని యిది. ఇంటనో గుడిలోనో అట్టి తెర యున్నచో యజమానుల అనుమతితో, మడత లాగక, ఎండలో పెట్టక, ఛాయాచిత్రము తీయవలెను. పట్టీలోని వ్రాతను ఉన్నదున్నట్లు ఎత్తివ్రాసి, సవరణను వేఱుగా చూపవలెను. చెఱిగినచోట ఊహతో పూరింపక ఖాళీ విడువవలెను. ఆ వస్త్రము ఎచ్చటినుండి వచ్చెనో పెద్దలనడిగి, చెప్పినవారి మాటగనే వ్రాయవలెను. షోలాపురపు పద్మశాలి యింట పాత నేతలెక్కల పుస్తక మున్నను, మెలట్టూరి భాగవతమేళపు తెలుగు నాటకప్రతి యున్నను నియమ మిదియే.

ఎనిమిదవ తరగతి విద్యార్థి యిట్లు ఒక్క పట్టీని ఎత్తివ్రాసినచో అతనికి లిపి అలవడును. తెలుగు రాని పరిశోధకునకు ఆధారము దొరకును. మన పిల్లలకు తెలుగు చదువు ఎందులకని ప్రశ్నించువారికి ఇదియు నొక సమాధానము.