గిటార్ ధ్వనిలో సగం స్పీకర్‌దే

ఎలక్ట్రిక్ గిటార్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలిపి, ఏదో ఒక డిస్టార్షన్ పెట్టి వాయిస్తే చెవుల్లో గుచ్చుకునే రొద తప్ప ఇంకేమీ వినిపించదు. ఇంట్లో రికార్డింగ్ మొదలుపెట్టిన కుర్రాళ్లు చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. లోపం గిటార్‌దే అనుకుని మరింత ఖరీదైనది కొనడానికి డబ్బు కూడబెడతారు. నిజానికి అక్కడ లోటు స్పీకర్‌ది.

మన చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. గిటార్ ఆంప్‌లో సాధారణంగా ఉండే 12 అంగుళాల స్పీకర్ మాత్రం 5,000 హెర్ట్జ్ దాటగానే చతికిలపడుతుంది. పాటలు వినే స్పీకర్ ఇలా ఉంటే ఎవరూ కొనరు. గిటార్‌కు మాత్రం ఈ లోపమే ప్రాణం పోసింది. డిస్టార్షన్ అంటే ధ్వని తరంగం తలను నరికి చదును చేయడం. అలా నరికినప్పుడల్లా అసలు స్వరంలో లేని పై స్థాయి పౌనఃపున్యాలు గుంపులుగా పుట్టుకొస్తాయి. వాటిలో కొన్ని స్వరానికి బలాన్నిస్తాయి, మిగిలినవి ఉత్త గరగర. స్పీకర్‌లోని ఆ బరువైన కాగితపు కోన్ అంత వేగంగా కదలలేదు కాబట్టి గరగరలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. మిగిలినదాన్నే మనం ఇన్నేళ్లుగా రాక్ గిటార్ అని వింటున్నాం.

వాద్యకారులు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. 1958లో వచ్చిన 'రంబుల్' కోసం లింక్ రే తన ఆంప్ స్పీకర్‌కు చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ బృందం 'యూ రియల్లీ గాట్ మీ' రికార్డు చేసేనాటికి ఆ బృందం గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్ స్పీకర్‌ను బ్లేడుతో చీల్చి ఉంచాడు. ఇద్దరూ మార్చింది కాగితాన్నే. దీనికి పూర్తిగా ఎదురుదారి కూడా ఉంది. 1968లో 'రివల్యూషన్' పాటకు బీటిల్స్ ఆంప్‌ను పక్కనపెట్టి, గిటార్లను నేరుగా స్టూడియో కన్సోల్‌కు కలిపి మోతాదు మించి తోశారు. ఆ పాటలోని కర్కశత్వం అలా వచ్చిందే. అక్కడ వాళ్లకు కావలసింది అదే కాబట్టి సరిపోయింది.

ఇంటి రికార్డింగ్ గురించి మాట్లాడుతూ టామ్ షోల్జ్‌ను తలచుకోకపోతే ఎలా? ఎంఐటీలో చదివి పోలరాయిడ్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు ఆయన. 1976లో వచ్చిన బోస్టన్ బృందం తొలి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఆయన ఇంటి నేలమాళిగలోనే రికార్డయింది. తర్వాత 1982లో ఆయన రాక్‌మన్ అనే చేతిలో ఇమిడే పెట్టెను తెచ్చాడు. స్పీకరే లేని ఆంప్ అది. స్పీకర్ చేసే వడపోతను చిన్న సర్క్యూట్‌తో చేయించి, ఆ ధ్వనిని హెడ్‌ఫోన్స్‌లోకి పంపేది. 1987లో వచ్చి లక్షలకు లక్షలు అమ్ముడుపోయిన డెఫ్ లెపర్డ్ ఆల్బమ్ 'హిస్టీరియా' గిటార్లకు ఎక్కువగా వాడింది ఆ పెట్టెనే. వడపోత కుదిరితే పెట్టె ఎంత చిన్నదైనా ఫరవాలేదని నేను నమ్మడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈరోజు ఆ పనిని ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైలు చేస్తోంది. గిటారిస్టులు ముద్దుగా ఐఆర్ అంటారు. ఖాళీ కల్యాణ మండపంలో ఒక్కసారి చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వనిలో ఆ హాలు స్వభావమంతా ఉంటుంది కదా, ఇదీ అంతే. స్పీకర్‌లోకి ఒక పరీక్షా సంకేతం పంపి, ముందు పెట్టిన మైక్‌లో దాన్ని పట్టి, స్పీకర్ దేన్ని ఎంత పెంచిందో ఎంత తుంచిందో లెక్కగడతారు. ఆ లెక్కను మన గిటార్ సంకేతానికి వర్తింపజేస్తే అదే స్పీకర్ ముందు కూర్చుని వాయించినట్టే ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఇవి ఉచితంగానే దొరుకుతాయి. స్పీకర్‌తో పాటు మైక్, దాన్ని పెట్టిన చోటు కూడా అందులోనే ఇమిడి ఉంటాయి. 1965 నుంచి స్టూడియోల్లో ఉన్న ష్యూర్ ఎస్ఎం57 మైక్‌ను కోన్ నడిమధ్యకు గురిపెడితే ధ్వని పదునుగా వస్తుంది. అంచువైపు రెండు వేళ్లు జరిపితే చాలు, మెత్తబడిపోతుంది. అందుకే ఆంప్ గుండీలు తిప్పుతూ గంటలు పోగొట్టుకోకుండా ముందు నాలుగైదు ఐఆర్‌లు మార్చి చూడాలి. తేడా వెంటనే తెలుస్తుంది.

ఆంప్ సంగతికొస్తే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్లగిన్ ఉచితం. నిజమైన ఆంప్‌ల ప్రవర్తనను న్యూరల్ నెట్‌వర్క్‌తో నేర్చుకున్న మోడళ్లను అది నడుపుతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని మోడళ్లలో స్పీకర్ కూడా కలిసే ఉంటుంది. వాటిమీద మళ్లీ ఐఆర్ పెడితే రెండుసార్లు వడపోసినట్టయి, ధ్వని దుప్పటి కప్పుకున్నట్టు మూగబోతుంది.

డబ్బు పెట్టక తప్పనిది గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు. గిటార్ తీగల కదలికను పట్టే పికప్‌లో అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటుంది. దాన్నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది. అది చేరే ఇన్‌పుట్ నిరోధం దాదాపు 10 లక్షల ఓములు ఉండాలి. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్రుమెంట్' లేదా 'హై-జెడ్' (Hi-Z) అని రాసి ఉండేది ఆ ఇన్‌పుటే. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే తీగల మెరుపు అక్కడే చచ్చిపోతుంది. ఆ తర్వాత ఈక్వలైజర్‌తో దాన్ని పూర్తిగా తిరిగి తెచ్చుకోలేం. చౌక ఇంటర్‌ఫేస్‌లలో కూడా ఈ ఇన్‌పుట్ ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో మాత్రం చూసుకోండి.

మన ఇళ్లలో ఇంకో బాధ హమ్. సింగిల్ కాయిల్ పికప్ తీగల కదలికతో పాటు గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటునూ పట్టేస్తుంది. దీనికి విరుగుడుగా 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపి హంబకర్ తయారుచేశాడు. మీ గిటార్‌లో అది లేకపోతే ఫ్యాన్‌ను, డిమ్మర్ లైట్లను ఆపేయండి. కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని సెకనుకు వందసార్లు కోస్తూ బర్రుమనే చప్పుడు పుట్టిస్తాయి. లాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. కుర్చీలో కూర్చున్నచోటే గిటార్‌తో సహా కాస్త పక్కకు తిరగండి, ఏదో ఒక కోణంలో హమ్ బాగా తగ్గిపోతుంది.

రాత్రిపూట చిన్న వాల్యూమ్‌లో టోన్ కుదుర్చుకోవడం మోసం చేస్తుంది. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా వినిపించవని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. అందుకని మనం ఆ రెండూ పెంచేసి మిడ్స్ తగ్గిస్తాం. తీరా డ్రమ్స్, బేస్ గిటార్ వచ్చి చేరగానే మన గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. పాటలోని మిగతా వాద్యాలు మోగుతుండగానే టోన్ సరిచేసుకోవాలి. గెయిన్ కూడా మీకు సరిపోయిందనిపించిన చోటునుంచి కొంచెం వెనక్కి తిప్పండి.

చివరగా పైసా ఖర్చులేని పని ఒకటి. గిటార్ విశాలంగా వినిపించాలంటే ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పంపాలి. మొదటి టేక్‌నే కాపీ చేసి రెండు వైపులా పెడితే రెండు చెవులకూ ఒకే ధ్వని చేరి అది మధ్యలోనే ఉండిపోతుంది. కాబట్టి రెండోసారి కూడా మీ చేత్తోనే వాయించండి.