ఉండడానికా, అమ్మడానికా? ఉప్పల్, నాచారంలో ఇల్లు చూసేవారికి

ఇల్లు కొనదలచిన కుటుంబం మొదట తేల్చుకోవలసినది ధర కాదు, ఉద్దేశం. ఆ ఇంట్లో తామే కాపురముంటారా, లేక ధర పెరిగిన తరువాత అమ్ముకుంటారా? ఉప్పల్, నాచారం వైపు ఫ్లాట్లు, స్థలాలు చూసే వారిని ఈ మాట అడిగితే చాలామంది "రెండూ" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. కాపురానికి అనువైన ఇల్లు, లాభానికి అనువైన ఆస్తి ఒకటే కావాలని లేదు. జకాత్ లెక్క కూడా రెండింటికీ ఒకటి కాదు.

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఈ ప్రాంతానికి 2017 నవంబరులో మెట్రో వచ్చింది. మొదట నాగోల్ నుండి ఉప్పల్ మీదుగా అమీర్‌పేట, మియాపూర్ దాకా నడిచింది. 2019లో హైటెక్ సిటీకి, ఆపై రాయదుర్గానికి దారి ఏర్పడింది. పడమట ఉద్యోగం, తూర్పున నివాసం సాధ్యమయ్యాయి. ఉప్పల్ భగాయత్ స్థలాలను హెచ్‌ఎండీఏ 2019లోనూ, 2021లోనూ వేలం వేసింది. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో ఆకాశ వంతెన తెరిచారు. వీటిని చూపించే ఇక్కడి అమ్మకందారులు ధర చెబుతారు.

అయితే అదే కూడలి నుండి నారపల్లి వైపు 2018లో పనులు మొదలైన ఎత్తు వంతెన ఏళ్ల తరబడి స్తంభాల దశలోనే నిలిచిపోయింది. వంతెన వస్తుందన్న ఆశతో స్థలం కొన్నవాడు పదేళ్లయినా వేచి ఉండగలడు. ఆ దుమ్ములో, ఆ గుంతల దారిలో రోజూ పిల్లలను బడికి తీసుకుపోయే తల్లి వేచి ఉండలేదు. రేపటి రోడ్డును చూసి మదుపు చేయవచ్చు. కాపురానికి మాత్రం ఈనాటి రోడ్డే లెక్క.

నాచారం సంగతి వేరు. అది పారిశ్రామికవాడ పక్కన పెరిగిన పేట. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి దగ్గరలో ఉండడం కార్మిక కుటుంబాలకు పెద్ద ఊరట. మెట్రో మాత్రం అక్కడికి రాదు, హబ్సిగూడ స్టేషనుకు వెళ్లవలసిందే. పగలు చూసి బయానా ఇచ్చి రావడం ఇక్కడ తగదు. రాత్రి పదకొండుకు ఒకసారి వెళ్లి లారీల రాకపోకలను, గాలిని గమనించాలి. వానాకాలంలో మరొకసారి వెళ్లాలి. 2020 అక్టోబరు వానలకు హబ్సిగూడ, రామంతాపూర్ పల్లపు వీధులు ఎలా మునిగాయో అక్కడివారు ఇంకా మరచిపోలేదు. విశాలమైన ఇంటిని, మంచి పొరుగును మనిషి సౌభాగ్యాలలో చేర్చి చెప్పారు దైవప్రవక్త (స). మస్జిద్‌కు నడక దూరం, నీటి సౌకర్యం, పక్కింటివారి నడత ఏ బ్రోచర్‌లోనూ కనిపించవు. మదుపు చేసేవానికి వాటితో పనీ లేదు.

ఇక లెక్కకు వద్దాం. 60 లక్షల ఫ్లాటు ఒకటి అనుకుందాం. తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు. ఇది తిరిగిరాని సొమ్ము. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ అదనం. నెలకు 15 వేల అద్దె వస్తే ఏడాదికి లక్షా ఎనభై వేలు, పెట్టుబడిపై 3 శాతం. అందులోనే ఇంటిపన్ను, మరమ్మతు, ఖాళీగా ఉన్న నెలలు. కాబట్టి ఫ్లాటును మదుపుగా కొనేవాడు నిజానికి అద్దెను కాక ధర పెరుగుదలనే కొంటున్నాడు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, పెరిగేది దాని కింది భూమి విలువే. అందుచేత మీ వాటాకు వచ్చే అవిభాజ్య స్థలం ఎన్ని గజాలో పత్రంలో చూడకుండా పాత అపార్ట్‌మెంటు కొనవద్దని మా సలహా. తామే ఉండేవారికి ధర తగ్గినా బెంగ లేదు, అమ్మేదాకా అది కాగితం మీది నష్టమే.

జకాత్ విషయంలో తేడా మరింత స్పష్టం. నివసించే ఇంటిపై జకాత్ లేదు. అద్దెకిచ్చిన ఇంటి విలువపై లేదు, దాని అద్దెలో మిగిలి నిసాబ్‌ను చేరిన సొమ్ముపై ఉన్నది. అమ్మే ఉద్దేశంతోనే కొన్న స్థలం వ్యాపార సరుకు. అధిక ధర్మవేత్తల మతంలో ఏటా దాని మార్కెట్ విలువపై రెండున్నర శాతం చెల్లించాలి. 40 లక్షల స్థలానికి ఏడాదికి లక్ష. ఆ స్థలం మాత్రం చేతికి పైసా ఇవ్వదు. ధర కోసం వేచి ఉండే వ్యాపారి అమ్మినప్పుడు ఒకే ఏడాది జకాత్ ఇస్తే చాలునన్నది మాలికీ మతం. ఉండడానికి కొని, తరువాత అమ్మాలనుకుంటే ఆ తలంపు మాత్రాన అది వ్యాపార సరుకు కాదని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. కొన్ననాటి ఉద్దేశానికి ఇంత బరువున్నది గనుక దానిని తేదీతో సహా ఇంటి పుస్తకంలో రాసుకుని, మీ ఆలిమ్‌ను సంప్రదించండి.

"ప్రీ లాంచ్" అనే వలలో పడేవారు ఎక్కువగా మదుపు కోసం వచ్చేవారే. అనుమతి లేని, కొన్నిసార్లు భూమే అమ్మకందారు చేతిలో లేని ఫ్లాటుకు పూర్తి సొమ్ము ముందే కట్టించుకుంటారు. తన వద్ద లేనిదానిని అమ్మరాదన్నది ప్రవక్త (స) ఆదేశం. 2016 నాటి రెరా చట్టమూ నమోదుకు ముందు ప్రకటననే నిషేధించింది. రిజిస్టరైన ఒప్పందం లేనిదే 10 శాతానికి మించి తీసుకోరాదన్నది. అయితే 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు మించని స్థలంలో కట్టే చిన్న అపార్ట్‌మెంట్లకు ఆ నమోదు అవసరం లేదు. అక్కడ మీ జాగ్రత్తే మీకు చట్టం. ఈసీ తీయించండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదేమో, వక్ఫ్ భూమేమో, చెరువు పూర్తి నీటిమట్టం లోపల ఉన్నదేమో విచారించండి. 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత ఈ చివరి ప్రశ్నను ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు. వక్ఫ్ స్థలమని తెలిసీ చవకగా వస్తుందని కొనే ముస్లిములకు ఏమని చెప్పాలి?

వడ్డీ రుణం మాటకు వస్తే, మదుపు కోసం దానిని తలకెత్తుకోవడానికి ఏ నెపమూ లేదు. కాపురపు ఇంటికి సైతం దివ్యఖుర్ఆన్ వడ్డీ నిషేధం తొలగిపోదు. ధర ముందే ఖాయం చేసుకుని అమ్మకందారుకే వాయిదాలలో చెల్లించడం ధర్మసమ్మతం. ఇక్కడి చిన్న బిల్డర్లలో కొందరు అందుకు ఒప్పుకుంటారు, అడిగిచూడాలి. అంతదాకా అద్దె ఇంట్లో ఉండడం చిన్నతనమేమీ కాదు.

మరొక మాట. మదుపు ఆస్తిని వారసులు అమ్మి పంచుకోవడం సులువు. కాపురపు ఇల్లు అలా కాదు. తండ్రి పోయిన తరువాత ఒక కొడుకు అందులోనే ఉండిపోతాడు. తల్లి ఎనిమిదో వంతు, ఆడపిల్లల వాటాలు "ఇల్లు అమ్మితే అందరం వీధిన పడతాం" అన్న మాట కింద ఏళ్ల తరబడి అణగిపోతాయి. ఇల్లు ఒక్కటే ఆస్తి అయినచోట, ఉండేవాడు మిగిలినవారి వాటాల విలువ ఎలా, ఎన్నాళ్లలో చెల్లించాలో తండ్రి బతికుండగానే కూర్చుని మాట్లాడుకోవాలి. అల్లుళ్లు కాక, కూతుళ్లే ఆ మాటల్లో కూర్చోవాలి.