ఇంటినిండా రిమోటులు

ముందరి గదిలో టెలివిజను ఎదుట ఉండే చిన్న బల్లను ఒకసారి పరిశీలించండి. టెలివిజనుకు ఒక రిమోటు, దాని పక్కనున్న సెట్‌టాప్ పెట్టెకు ఒకటి, పాటల కోసం స్పీకరు పెట్టె కొన్నవారికి మరొకటి, గోడమీది ఏ.సి.కి ఒకటి. ఇటీవల వస్తున్న కొత్తరకం ఫ్యానులకు కూడ ఒకటి ఉంటున్నది. సొరుగు లాగితే, ఏనాడో పాడైపోయిన డి.వి.డి. ప్లేయరు తాలూకు రిమోటు ఇంకా అక్కడనే కనిపిస్తుంది. యంత్రం పాతసామానులవాడి బండి ఎక్కినా, రిమోటును పారవేయడానికి ఎవరికీ మనసొప్పదు.

ఇన్ని ఉండడంవల్ల కలిగే చిక్కు పిల్లలకు అంతగా తెలియదు. పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి తెలుస్తుంది. సీరియలు వేళకు నాయనమ్మ ఒక రిమోటు తీసి మీట నొక్కుతుంది. తెర వెలుగుతుంది గాని బొమ్మ రాదు. సిగ్నల్ లేదన్న అక్షరాలు మాత్రం కనిపిస్తవి. మరొక రిమోటు తీసి ఏదో నొక్కితే ఆ అక్షరాలు కూడ మాయమవుతవి. చివరకు పక్కింటి కుర్రవాడు వచ్చి రెండు మీటలు నొక్కి వెళ్లిపోతాడు. ఏమి నొక్కాడో ఆమెకు తెలియదు. మరునాడు మళ్లీ అదే కథ.

ఇక్కడ ఒక సందేహం కలగాలి. ఈ రిమోటులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటవి. అన్నిటిలోను చిన్న సెల్లులే, అన్నిటికీ ముందు కొసన గింజంత దీపమే. అయినా ఒకదాని మాట మరొక యంత్రం ఎందుకు వినదు?

తీగ, వెలుతురు, శబ్దం

దూరంనుంచి యంత్రాన్ని నడపాలన్న కోరిక టెలివిజనుకంటె పాతది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, నీటితొట్టిలో తేలుతున్న చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. అయితే ఇంటి రిమోటు కథ 1950లో మొదలవుతుంది. ఆ సంవత్సరం అమెరికాలోని జెనిత్ సంస్థ టెలివిజనుకు పొడవైన తీగతో కలిపిన ఒక మీటలపెట్టెను అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘లేజీ బోన్స్’, అనగా సోమరిపోతు. పేరు బాగానే ఉన్నది గాని, గది మధ్యలో పరచుకొన్న ఆ తీగ కాళ్లకు తగిలి మనుషులు పడేవారు.

1955లో అదే సంస్థలోని ఇంజనీరు యూజీన్ పాలీ తీగను తొలగించాడు. ఆయన సాధనం టార్చిలైటు వంటిది. తెర నాలుగు మూలలలోను కాంతిని గుర్తించే ఘటాలు అమర్చారు. ఏ మూలమీద వెలుతురు వేస్తే ఆ పని జరిగేది. కిటికీలోనుంచి వచ్చే ఎండకూ టార్చిలైటుకూ ఆ ఘటాలకు భేదం తెలియదు కనుక, ఒక్కొక్కసారి సూర్యుడే ఛానలు మార్చేవాడు!

మరుసటి సంవత్సరం, 1956లో, రాబర్ట్ ఆడ్లర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు మరొక మార్గం చూపాడు. రిమోటులో బ్యాటరీ ఉండకూడదని సంస్థవారు కోరారు. సెల్లు అయిపోతే కొన్నవారు టెలివిజనే చెడిపోయిందని అనుకొంటారని వారి భయం. ఆడ్లర్ రిమోటులో నాలుగు అల్యూమినియం కడ్డీలు ఉండేవి. మీట నొక్కితే చిన్న సుత్తి వచ్చి కడ్డీ కొసను టక్కున కొట్టేది. కడ్డీ మోగేది గాని, ఆ మోత మనిషి చెవికి వినబడే 20,000 హెర్ట్జుల హద్దుకు పైన ఉండేది. ఇట్టి శబ్దాలను అతిధ్వనులంటారు. కడ్డీల పొడవులు వేరువేరు కనుక వాటి పౌనఃపున్యాలు వేరు. పౌనఃపున్యానికి ఒక ఆజ్ఞ చొప్పున నాలుగు ఆజ్ఞలు. ఆ శబ్దాన్ని పట్టుకోవడానికి టెలివిజనులో ఆరు వాక్యూం గొట్టాలు అదనంగా కావలసి వచ్చి, వెల సుమారు 30 శాతం పెరిగింది. అయినా ఈ పద్ధతి ఇంచుమించు 25 ఏళ్లు నిలిచింది. తాళపుచెవుల గుత్తి గలగలలాడినా, చిల్లర డబ్బులు మోగినా అప్పుడప్పుడు ఛానలు మారేదన్నది దాని మీది ఫిర్యాదు.

ఈ పద్ధతిలో ఒక గుణమున్నది. ఆజ్ఞకు ఒక కడ్డీ చాలు; సంకేతభాష అక్కరలేదు. కాని నలభై మీటలు కావలసివస్తే నలభై కడ్డీలు పెట్టలేము కదా. అందుచేత 1980 ప్రాంతాలలో అతిధ్వనుల స్థానాన్ని పరారుణ కిరణాలు ఆక్రమించినవి. ఇంటిలో రిమోటుల సంఖ్య పెరగడానికి బీజం కూడ అక్కడనే పడింది.

కనబడని దీపం

పరారుణ కిరణాలను 1800లో విలియం హెర్షెల్ గుర్తించాడు. సూర్యకాంతిని పట్టకంగుండా పంపి, రంగులలో థర్మామీటర్లు పెట్టి చూస్తే, ఎరుపు దాటిన తరువాత ఏ రంగూ కనబడని చోట కూడ పాదరసం పైకి పోయింది. రిమోటు ముందు కొసనున్న డయోడు వెలువరించేది ఇట్టి కిరణాలనే. వాటి తరంగదైర్ఘ్యం సామాన్యంగా 940 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. మన కంటికి 700 నానోమీటర్లు దాటిన తరువాత చూపు దాదాపు ఆనదు.

ఈ కిరణాలు గోడలు దాటిపోవు. అది లోపం కాదు, లాభమే. లేకపోతే పక్కవాటాలో ఛానలు మారిస్తే మన ఇంట్లో వార్తలు పోయి సినిమా వచ్చేది. అయితే సూర్యకాంతిలోను, వేడెక్కే బల్బులలోను పరారుణం పుష్కలంగా ఉన్నది. ఆ గందరగోళంలో రిమోటు కాంతిని గుర్తుపట్టడానికి దానికి ఒక ప్రత్యేకమైన మిణుకు పెడతారు. చాలా రిమోటులలో దీపం సెకనుకు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. టెలివిజనులోని గ్రాహకం ఆ మిణుకును మాత్రమే పట్టించుకొని, నిలకడగా ఉండే ఎండను వదిలివేస్తుంది. పాలీ టార్చిలైటుకు లేనిది ఇదే.

ఇక సంకేతం. పూర్వం తంతి కార్యాలయాలలో చుక్కలు, గీతలతో వార్త పంపినట్లే రిమోటు కూడ మిణుకుల గుంపులను, వాటి మధ్య విరామాలను పంపుతుంది. జపానుకు చెందిన ఎన్.ఇ.సి. సంస్థ ఏర్పరచిన పద్ధతిని చూద్దాం. మొదట 9 మిల్లీసెకన్ల మిణుకు. ఆ కాస్తలోనే దీపం 342 సార్లు వెలిగి ఆరుతుంది. ఇది ‘వినండి’ అని కేక వేయడం వంటిది. తరువాత 4.5 మిల్లీసెకన్ల మౌనం. ఆ పైన 32 ద్విసంఖ్యాంకాలు వస్తవి. ప్రతి అంకెకు మిణుకు ఒకే పొడవు. దాని వెనుక విరామం చిన్నదైతే 0, ఇంచుమించు మూడురెట్లయితే 1. మొదటి ఎనిమిది అంకెలు చిరునామా, అనగా ఈ మాట ఏ యంత్రానికన్నది. తరువాతి ఎనిమిదిలో ప్రతి 0కి 1, ప్రతి 1కి 0 పెట్టి అదే చిరునామాను మళ్లీ చెబుతుంది. పిమ్మట ఎనిమిది అంకెల ఆజ్ఞ, మళ్లీ దాని తలకిందు రూపం. రెండు రూపాలు సరిపోకపోతే యంత్రం ఆ మాటను వినిపించుకోదు. ఈ తతంగమంతా ముగియడానికి 68 మిల్లీసెకన్లు చాలును. ధ్వని పెంచడానికి మీటను నొక్కిపట్టితే, మొత్తం వార్తను మళ్లీ పంపకుండా ‘ముందు చెప్పినదే’ అన్న చిన్న గుర్తును మాత్రం పంపుతుంది.

చిరునామా లేకపోతే ఫ్యాను మీట నొక్కినపుడు టెలివిజను కూడ ఉలిక్కిపడుతుంది. కాబట్టి యంత్రాలకు వేరువేరు చిరునామాలు ఉండవలసినదే. చిక్కు అందులో లేదు. ఒకే కర్రలో వంద చిరునామాలు దాచవచ్చు. అందరూ కలిసి ఒక నిఘంటువు రాసుకొన్నపుడు మాత్రమే అది సాధ్యం. ఫిలిప్స్ సంస్థ ఆర్.సి.-5 అనే తన పద్ధతిలో అట్టి పట్టికనే తయారుచేసింది. అందులో 0 టెలివిజను, 20 కాంపాక్ట్ డిస్కు యంత్రం. ఏ యంత్రానికైనా 16వ ఆజ్ఞ ధ్వని పెంచుమని. కాని దాని మిణుకు సెకనుకు 36,000 సార్లు. సోనీ పద్ధతిలో 40,000 సార్లు, అంకెలు పన్నెండే. ఒకరు మౌనం పొడవులో అర్థం దాచితే, మరొకరు మిణుకు పొడవులో దాచారు. ప్రతి తయారీదారు తన పెట్టెను కొన్నవాడు దానిని ఇంటికి తెచ్చిన క్షణం నుంచి వాడుకోగలగాలని ఒక కర్రను చేర్చి అమ్మాడు. అది చౌక. నిఘంటువు కలిపి రాయడం ఎవరి పనీ కాలేదు.

విద్యార్థులు చేసి చూడదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. సెల్‌ఫోను కెమెరాను తెరచి, రిమోటు దీపాన్ని దాని ఎదుట పెట్టి మీట నొక్కితే, తెరపై ఊదారంగులోనో తెల్లగానో మిణుకు కనిపిస్తుంది. వెనుక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాలో చూడాలి. కొన్ని కెమెరాలకు పరారుణాన్ని ఆపే వడపోత ఉంటుంది. రిమోటును టెలివిజను వైపు కాక ఎదుటిగోడ వైపు తిప్పి నొక్కి చూడండి. చాలాసార్లు పని జరుగుతుంది. దీపానికి అరచేయి అడ్డుపెడితే జరగదు. రిమోటు చెడిందో సెల్లులు అయిపోయినవో తేల్చుకోవడానికి కూడ ఈ కెమెరా పరీక్ష పనికివస్తుంది.

ఏ.సి. రిమోటు తీరు వేరు

టెలివిజను రిమోటు ‘ధ్వని ఒక మెట్టు పెంచు’ అని మాత్రమే చెబుతుంది. ఏ.సి. రిమోటు అట్లా కాదు. ఉష్ణోగ్రతను 25 నుంచి 26కు మార్చినా సరే, యంత్రం నడవాలా వద్దా, చల్లదనమా తేమ తీయడమా, గాలి వేగమెంత, ఉష్ణోగ్రత ఎంత అన్న యావత్తు స్థితిని ఒకే ఉత్తరంగా పంపుతుంది. కొన్ని తయారీలలో ఆ ఉత్తరం నూరు అంకెలు మించుతుంది. కారణం సులభమే. స్థితిని చూపే చిన్న తెర రిమోటులోనే ఉన్నది, ఏ.సి. నుంచి తిరుగు జవాబు రాదు. పిల్లవాడు దీపాన్ని అరచేతితో మూసి మీట నొక్కితే, రిమోటులో 18 అని పడుతుంది, ఏ.సి. మాత్రం 26 దగ్గరనే ఉంటుంది. తరువాత ఏ మీట నొక్కినా మొత్తం స్థితి వెళ్లి రెండూ మళ్లీ ఒకటవుతవి.

తెలుగుదేశపు ఇళ్లలో టెలివిజనుకు రెండు కర్రలు తప్పనిసరి కావడానికి వేరే కారణం కూడ ఉన్నది. కేబులు ప్రసారాలను డిజిటల్ పద్ధతికి మార్చాలని 2011లో చట్టాన్ని సవరించారు. 2012లో మహానగరాలతో మొదలై, 2013లో హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలకు, ఆ పైన 2017 నాటికి చిన్న ఊళ్లకు ఈ మార్పు వచ్చింది. అంతవరకు తీగను నేరుగా టెలివిజనుకు తగిలించి ఒకే రిమోటుతో ఛానళ్లు తిప్పినవారు, ఆనాటినుంచి తెర వెలిగించడానికి ఒక కర్ర, ఛానలు మార్చడానికి మరొక కర్ర పట్టవలసి వచ్చింది. నాయనమ్మకు కనిపించిన ‘సిగ్నల్ లేదు’ అన్న మాటకు అర్థం ఇదే: టెలివిజను మేలుకొన్నది, పెట్టె ఇంకా నిద్రపోతున్నది, లేదా టెలివిజను ఆ పెట్టె ఉన్న ద్వారాన్ని వదిలి మరొక ద్వారంవైపు చూస్తున్నది.

అన్నిటికీ ఒకటే రిమోటు చేయాలన్న ప్రయత్నాలు లేకపోలేదు. ఆపిల్ కంప్యూటరు నిర్మాతలలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ 1987లో ‘కోర్’ అనే రిమోటును విడుదల చేశాడు. ఇతర రిమోటుల మిణుకులను విని నేర్చుకొని, తిరిగి అట్లే చెప్పడం దాని పని. ఈ కోవలో పేరుపడిన లాజిటెక్ సంస్థవారి ‘హార్మనీ’ రిమోటుల తయారీ 2021లో నిలిచిపోయింది. హెచ్.డి.ఎం.ఐ. తీగ మరొక దారి చూపింది: టెలివిజను రిమోటు ఆజ్ఞను టెలివిజనే ఆ తీగగుండా పక్క పెట్టెకు అందజేస్తుంది. వచ్చిన చిక్కల్లా, ఈ సౌకర్యానికి ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పేరు పెట్టడమే. ఇక మాటతో ఆజ్ఞలు వినే కొత్త రిమోటులు పలికేది పరారుణంలో కాదు, రేడియో తరంగాలలో. దుప్పటి కిందనుంచి కూడ అవి పనిచేస్తవి గాని, ముందుగా జతకట్టిన యంత్రంతో తప్ప మాట్లాడవు.

సెల్లుల సంగతి ఒకటి తప్పక చెప్పాలి. కార్డువలె పలుచగా ఉండే చిన్న రిమోటులలో చొక్కాగుండీ వంటి సెల్లు ఉంటుంది. పసిపిల్లలు దానిని మింగితే గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కొనవచ్చు. అక్కడి తడిగుండా విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువం దగ్గర గాఢమైన క్షారం పుట్టి, రెండు గంటలలోనే లోపలి పొరను కాల్చివేయగలదు. మింగినట్లు అనుమానం కలిగినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. అట్టి రిమోటుల సెల్లు మూతకు మర ఉన్నదో లేదో చూడడం, లేకపోతే గట్టి టేపు అంటించడం అవసరం. సొరుగులో ఏళ్లతరబడి పడి ఉన్న రిమోటులలోని మామూలు సెల్లులు కూడ కారి లోపలి లోహపు స్ప్రింగులను తినివేస్తవి.

నాయనమ్మ ఇబ్బందికి మాత్రం చాలా ఇళ్లలో మందు బల్లమీదనే ఉన్నది. సెట్‌టాప్ రిమోటులు కొన్నిటిలో టెలివిజను పేరుతో వేరుగా నాలుగైదు మీటలు ఉంటవి. అవి వోజ్నియాక్ రిమోటువలెనే నేర్చుకొనగలవు. పుస్తకంలో చెప్పిన ప్రకారం దానిని నేర్చుకొనే స్థితిలో పెట్టి, టెలివిజను రిమోటును జానెడుకంటె దగ్గరగా ఎదురెదురుగా ఉంచి, ఒక్కొక్క మీట నొక్కితే చాలును. ఆనాటినుంచి తెర వెలిగించడం, ధ్వని పెంచడం, ఛానలు మార్చడం ఒకే కర్రతో జరుగుతవి. ద్వారం మార్చే మీటను కూడ నేర్పి, దానిపై ఎర్ర కాగితం ముక్క అంటిస్తే పక్కింటి కుర్రవాడితో పనిలేదు. టెలివిజను రిమోటును సెల్లులు తీసివేసి సొరుగులో పెట్టవచ్చు. కొన్ని రకాలలో సెల్లులు మార్చేటప్పుడు నేర్చుకొన్నదంతా చెరిగిపోతుంది కనుక, దానిని పారవేయడం మాత్రం తగదు.