తప్పులు చేయడానికి ఒక గది

హత్య జరిగిన గదిలోకి తొలి అడుగు వేసే అవకాశం ఒక్కసారే వస్తుంది. ఆ అడుగుతోనే గది మారడం మొదలవుతుంది. చెప్పు కింద రక్తపు చుక్క చెదురుతుంది, తలుపు గొళ్లెం మీద కొత్త వేలిముద్ర పడుతుంది, ఉక్కపోస్తోందని ఎవరో ఫ్యాను వేస్తే పరుపు మీది వెంట్రుక ఎక్కడికో ఎగిరిపోతుంది. ప్రతి స్పర్శా ఏదో ఒక ఆనవాలు వదులుతుందన్నది ఫోరెన్సిక్ శాస్త్రానికి తొలి పాఠం. 1910లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పోలీసు ప్రయోగశాల నెలకొల్పిన ఎడ్మండ్ లోకార్డ్ పేరుతో చలామణీలో ఉన్న ఆ సూత్రం నేరస్థుడికి వర్తించినట్టే దర్యాప్తు అధికారికీ వర్తిస్తుంది. నేర న్యాయ విద్యలోని చిక్కు ఇక్కడే ఉంది. వంట నేర్చుకునేవారు నాలుగుసార్లు అన్నం మాడ్చినా అయిదోసారి కుదురుతుంది. ఘటనా స్థలం ఒకసారి పాడైతే అంతే, కేసు కోర్టులో వీగిపోయేదాకా ఆ తప్పు ఖరీదు తెలియదు. వర్చువల్ రియాలిటీని, అంటే వీఆర్‌ని, ఈ చదువులోకి తేవాలనేవారు సాధారణంగా దాని తళుకు గురించి మాట్లాడతారు. దాని విలువ తళుకులో లేదు. హాని లేకుండా తప్పు చేయనివ్వడంలో, ఆ తప్పును గుర్తుపెట్టుకోవడంలో ఉంది.

ఈ అవసరాన్ని కంప్యూటర్ల కాలానికి ముందే పసిగట్టిన మనిషి ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. షికాగోలో సంపన్న కుటుంబంలో పుట్టిన ఈవిడ 1940లలో మరణ స్థలాలను బొమ్మరిళ్లుగా కట్టించింది. అడుగుకు అంగుళం లెక్కన గదులు, కుర్చీలు, వంటగది డబ్బాలు, వాటి మధ్య ఒక శవం. బొమ్మల మేజోళ్లను గుండుసూదులతో స్వయంగా అల్లిందంటే ఆ పట్టుదల ఎంతటిదో ఊహించుకోవచ్చు. హార్వర్డ్‌లో 1945లో మొదలైన సెమినార్లలో డిటెక్టివ్‌లు వీటి ముందు కూర్చుని చూపు సానపట్టుకున్నారు. వాటిలో 18 ఇప్పటికీ బాల్టిమోర్‌లో మేరీల్యాండ్ చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయంలో ఉన్నాయి. ఆ సెమినార్లలో ప్రశ్న హంతకుడెవరని కాదు. ఒక మూల మొదలుపెట్టి, గడియారం ముల్లు తిరిగినట్టు చూపు తిప్పుకుంటూ మధ్యకు రావడం వచ్చా రాదా అన్నదే పరీక్ష. ఇంత గొప్ప బొమ్మరింటికి ఒకే ఒక్క లోటు ఉంది. చూసినవాడి కన్ను ఎక్కడ ఆగింది, దేన్ని దాటిపోయింది అన్నది దానికి తెలియదు.

వీఆర్ హెడ్‌సెట్ ఆ లోటు తీరుస్తుంది, అదీ పనిగట్టుకుని కాదు, తన పని తాను చేసుకుంటూనే. రెండు కళ్లకూ కాస్త తేడాతో రెండు బొమ్మలు చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతును కల్పించుకుంటుంది. తల ఎటు తిరిగినా బొమ్మ కూడా అందుకు తగ్గట్టు తిరగాలి కాబట్టి గైరోస్కోపులూ కెమెరాలూ తల కదలికను అనుక్షణం కొలుస్తుంటాయి, బొమ్మ సెకనుకు పదుల సార్లు మళ్లీ గీయబడుతుంది. ఆ కొలతలను చెరిపేయకుండా దాచుకుంటే చాలు, విద్యార్థి నడిచిన దారి, ముట్టుకున్న వస్తువు, వంగి చూడని మంచం కింది చోటు, అన్నీ చిట్టాగా చేతికొస్తాయి. గదిని కల్పించనక్కర్లేదు కూడా. లేజర్ కిరణం గోడకు తగిలి తిరిగొచ్చే వ్యవధిని బట్టి దూరం లెక్కగట్టే స్కానర్లు అసలు గదినే లక్షల బిందువుల నమూనాగా మార్చేస్తాయి. ఆష్‌విట్జ్ మరణ శిబిరంలో కాపలా కాసిన రైన్‌హోల్డ్ హానింగ్‌పై 2016లో జర్మనీలోని డెట్‌మోల్డ్‌లో జరిగిన విచారణ కోసం బవేరియా పోలీసులు ఆ శిబిరాన్నే వీఆర్‌లో తిరిగి నిలబెట్టారు. కాపలా బురుజు మీదున్నవాడికి ఏమేమి కనిపించి ఉంటుందన్న ప్రశ్నకు మాటలతో వాదించే బదులు అక్కడికే ఎక్కి చూడవచ్చు.

ఇంతకీ దీంతో చదువు వస్తుందా? ఉత్సాహవంతులు దాటేసే ఫలితాలు కొన్ని ఉన్నాయి. పరిశోధకుడు గైడో మాక్రాన్‌స్కీ బృందం 2019లో 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఒక జీవశాస్త్ర పాఠాన్ని పరీక్షించింది. హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు అక్కడే ఉన్నామన్న అనుభూతి పెరిగింది, నేర్చుకున్నది మాత్రం మామూలు కంప్యూటర్ తెర మీద కంటే తగ్గింది. మెదడు తరంగాలను చూస్తే భారం ఎక్కువైనట్టు తేలింది. కళ్లు జిగేల్‌మంటుంటే పాఠం పక్కకు తప్పుకుంది. అదే ఏడాది ప్రయోగశాల భద్రతపై ఆ పరిశోధకుడే పాలుపంచుకున్న మరో అధ్యయనం వచ్చింది. రాతపరీక్షలో వీఆర్‌కు ఏ ఆధిక్యమూ దక్కలేదు. విద్యార్థులను నిజమైన ప్రయోగశాలలోకి తీసుకెళ్లి సమస్య ముందు నిలబెట్టినప్పుడు మాత్రం వీఆర్‌లో నేర్చుకున్నవారే మెరుగ్గా చేశారు. శస్త్రచికిత్సలో ఈ సంగతి ఇంకా ముందే బయటపడింది. యేల్‌లో 16 మంది జూనియర్ సర్జన్లతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వీఆర్ సాధన చేసినవారు పిత్తాశయాన్ని వేరుచేసే పనిని 29 శాతం వేగంగా, చాలా తక్కువ తప్పులతో పూర్తిచేశారు. ఈ ఫలితాలను పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది: తెలుసుకోవలసినదానికి పుస్తకమే మేలు, చేయవలసినదానికి హెడ్‌సెట్ పనికొస్తుంది. సాక్ష్యాధారాల చట్టంలోని సెక్షన్లు నేర్పడానికి వీఆర్ వాడటం డబ్బు దండగ. గదిలోకి ఏ దారిన వెళ్లాలి, దేన్ని ముందు ఫొటో తీయాలి, దేన్ని ముట్టకూడదు అన్నవి వేరే కోవకు చెందినవి, అవి ఒంటికి పట్టాల్సిన అలవాట్లు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. కల్పించిన గదిలో ప్రతి వస్తువునూ ఎవరో ఉద్దేశపూర్వకంగా పెట్టారు. కాబట్టి విద్యార్థి గదిని కాకుండా గది కట్టినవాడి మనసును చదవడం నేర్చుకుంటాడు, మెరుస్తున్న కత్తి ఉంటే అదే ఆధారం అనుకుంటాడు. నిజమైన ఇంట్లో నూటికి తొంభై వస్తువులకు నేరంతో సంబంధమే ఉండదు. ఈ అభ్యంతరం సబబైనదే, కానీ దానికి విరుగుడు కూడా వీఆర్‌లోనే ఉంది: గది కట్టినవాడి మనసును కాక చూసేవాడి మనసునే పరీక్షకు పెట్టవచ్చు. పరిశోధకుడు ఇటియెల్ డ్రోర్ బృందం 2006లో అయిదుగురు వేలిముద్రల నిపుణులకు, వారే గతంలో సరిపోయాయని తేల్చిన ముద్రలను వేరే కథ జోడించి చూపిస్తే, నలుగురు తమ పాత అభిప్రాయాన్ని నిలబెట్టుకోలేదు. ముద్రలు అవే, మారింది కథ. ఇలాంటి పరీక్షను తరగతిలో పెట్టాలంటే వీఆర్ కంటే సులువైన సాధనం లేదు. సగం మందికి ఆత్మహత్య అని చెప్పి, సగం మందికి అల్లుడి మీద అనుమానం అని చెప్పి, ఒకే గదిలోకి పంపించి, ఎవరి చూపు ఎటు పోయిందో ఆ చిట్టాలను పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. పక్షపాతం గురించిన ఉపన్యాసం పక్కవాడి గురించే అనిపిస్తుంది, సొంత చిట్టా ముందు ఆ వెసులుబాటు ఉండదు. వాసన రాదు, బరువు తెలియదు అన్న విమర్శకు మాత్రం జవాబు లేదు. వాటికి మార్చురీ ఉంది.

వీఆర్ బాధితుల చోట నిలబెట్టి సానుభూతి నేర్పుతుందన్న వాదన విషయంలో నాకు అంత నమ్మకం లేదు. బార్సిలోనా పరిశోధకులు 2018లో గృహహింస నేరస్థులను వీఆర్‌లో బాధితురాలి శరీరంలో ఉంచితే, స్త్రీల ముఖాల్లో భయాన్ని గుర్తించే శక్తి మెరుగుపడిందన్నది నిజమే. కానీ వేరే జాతి శరీరంలో ఉంచిన ప్రయోగాల్లో కొన్నిసార్లు పక్షపాతం తగ్గింది, కొన్నిసార్లు పెరిగింది. ఇంత ఊగిసలాడేదాన్ని పాఠ్యప్రణాళికలో మార్కులకు పెట్టడం తొందరపాటు.

మన దగ్గర ఈ చర్చకు 2024 జులై 1 నుంచి కొత్త పదును వచ్చింది. ఆనాడు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ సేకరణను వీడియో తీయాలి. ఇది తప్పనిసరి కావడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చారు. అయితే ఆ ఫోరెన్సిక్ నిపుణుల క్లూస్ టీమ్ వచ్చేసరికి స్టేషన్ కానిస్టేబుల్ అక్కడ ఉండనే ఉంటాడు, ఊరు ఊరంతా వాకిట్లో గుమిగూడి ఉంటుంది, ఎవరో ఒక పెద్దమ్మ శవం మీద దుప్పటి కప్పేసి ఉంటుంది. విదేశీ కంపెనీ అమ్మే నిశ్శబ్దమైన అపార్ట్‌మెంట్ గదిలో ఈ సాధన కుదరదు. జాతీయ పోలీసు అకాడమీ, తెలంగాణ పోలీసు అకాడమీ, కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల మూడూ ఉన్న హైదరాబాద్‌లోనే మన పెంకుటిల్లు, మన పెరటి బావి, మన జనసందోహం ఉన్న గదులు తయారుచేసుకోవచ్చు.

తయారైన గదిని ఎలా వాడాలన్నదానికి కాలిఫోర్నియాలో 2018లో పరిశోధకులు జోసెలిన్ పరోంగ్, రిచర్డ్ మేయర్ చేసిన ప్రయోగం దారి చూపుతుంది. వీఆర్ పాఠాన్ని ముక్కలుగా ఆపి, ప్రతి ముక్క తర్వాత చూసిందాన్ని సొంత మాటల్లో రాయించినప్పుడు విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. మన పోలీసు పనిలో ఆ రాతకు పాత పేరే ఉంది. పది నిమిషాల తర్వాత హెడ్‌సెట్ తీయించి, తెల్లకాగితం ఇచ్చి, పంచనామా రాయమనాలి. చిట్టా తెరిచేది ఆ కాగితం మీద సంతకం పెట్టాకే.