దిగిరాని వృషణము

నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఒక వృషణమో, రెండునో సంచిలో కానరావు. "ఎదిగినకొద్దీ అదే దిగుతుంది లెండి" అని ఇంటి పెద్దలు సర్దిచెప్పుట వాడుక. ఈ మాటలో నిజము లేకపోలేదు; అయితే ఆ నిజమునకు గడువు ఆరు నెలలే.

వృషణములు గర్భస్థశిశువు కడుపులో, మూత్రపిండముల చెంత పుట్టును. ఎనిమిదవ వారము నాటికే వానిలోని లీడిగ్ కణములు టెస్టోస్టెరోను అను హార్మోనును స్రవింపసాగును. మొదట వానిని ప్రేరేపించునది శిశువు పిట్యూటరీ గ్రంథి కాదు, మావి నుండి వచ్చు హార్మోను! ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్ గర్భములోనున్న కుందేలు పిల్లల బీజగ్రంథులను తొలిదశలోనే తీసివేయగా, అవి అన్నియు ఆడు జననేంద్రియములతోనే పెరిగినవి. 1947లో ప్రకటితమైన ఈ ప్రయోగములవలన పురుషాకృతికి వృషణస్రావములే ఆధారమని తేలినది. వృషణము గజ్జల గుండ సంచిలోనికి దిగుటకును లీడిగ్ కణముల స్రావములే తోడ్పడును.

పుట్టిన పిదప ఒక చిత్రము జరుగును. ఒకటి మొదలు మూడు నెలల ప్రాయమున పసివాని రక్తములో టెస్టోస్టెరోను యౌవనారంభమున వలె పెరిగి, ఆరవ నెల నాటికి అణగిపోవును. ఆలస్యముగ దిగు వృషణములు చాలవరకు ఈ కాలముననే దిగును. ఆ గ్రంథులు పనిచేయుచున్నవో లేవో రక్తపరీక్షవలన తెలిసికొనుటకును ఇదియే అదను. అది దాటినచో, హార్మోను సూదిమందిచ్చి వానిని మేల్కొలిపి చూడవలసివచ్చును.

తల్లిదండ్రులను మోసపుచ్చు సంగతి మరియొకటి కలదు. పైన నిలిచిపోయిన వృషణము కూడ చాలమందిలో టెస్టోస్టెరోనును ఇచ్చుచునే యుండును. మీసము వచ్చును, గొంతు మారును. లోపమేమియు లేదని తోచును. కాని శుక్రకణముల తయారీకి శరీరపు వేడికన్న రెండు మూడు డిగ్రీల చల్లదనము కావలెను. కడుపు వేడిమిలో బీజకణములు మొదటి ఏడాదియందే క్షీణింపసాగును. తరువాత క్యాన్సరు భయమును హెచ్చు. అందుచేత ఆరు నుండి పదునెనిమిది నెలల లోపల శస్త్రచికిత్సచే దించుట మేలని నేటి వైద్యుల అభిప్రాయము. దించుటకై హార్మోను సూదులిచ్చు పద్ధతి ఫలితము స్వల్పమగుటచే వెనుకబడినది.

రెండు వృషణములును చేతికి తగులనిచో మాత్రము ఆరు దినములైనను ఆగరాదు. ఆ శిశువు ఆడపిల్లయే కావచ్చును. అధివృక్కగ్రంథులు పురుషహార్మోనును మితిమీరి స్రవించుటచే మగపోలిక వచ్చియుండును. అట్టి బిడ్డలలో పెక్కుమందికి ఒంటిలోని ఉప్పు మూత్రమున పోయి, రెండుమూడు వారములలోనే ప్రాణము మీదికి వచ్చును. వెంటనే రక్తపరీక్ష చేయించి, కొరవడిన హార్మోనును మందుగా ఇచ్చినచో బిడ్డ దక్కును.