విమానంలో కిటికీ సీటు ఎంపిక

విమాన ప్రయాణంలో బయటి దృశ్యాలు చక్కగా కనిపించే సీటును ముందుగానే నిర్ణయించుకోవడాన్ని కిటికీ సీటు ఎంపిక అనవచ్చును. కిటికీ ప్రక్కన చోటు దొరికినంత మాత్రాన దృశ్యం దొరకదు. విమానం ఏ దిక్కుకు పోవుచున్నది, చూడదలచిన ప్రదేశం దారికి ఏ వైపున ఉన్నది, ఆ వేళకు సూర్యుడు ఎటు ఉంటాడు, రెక్క ఎంత మేర అడ్డు వస్తుంది అనే విషయాలపై ఇది ఆధారపడి ఉంటుంది. "ఎడమవైపు కూర్చోండి" అనే సలహా తిరుగు ప్రయాణంలో తలక్రిందులవుతుంది. కనుక కుడి ఎడమల కంటే దిక్కును గుర్తుంచుకొనడం మేలు.

ఉదాహరణ: ఢిల్లీ - ఖాట్మండు

ఈ దారి దాదాపు తూర్పుగా, కొద్దిగా దక్షిణానికి వాలి సాగుతుంది. హిమాలయాలు దీనికి ఉత్తరాన ఉన్నాయి. తూర్పుముఖంగా పోయేవారికి ఉత్తరం ఎడమచేతి వైపు వస్తుంది కనుక ఎడమ కిటికీ, అనగా "ఎ" అక్షరం గల సీటు కోరుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు మొదట దూరాన నందాదేవి (7,816 మీటర్లు), నేపాల్‌లో ప్రవేశించిన పిమ్మట ధవళగిరి (8,167 మీ.), అన్నపూర్ణ (8,091 మీ.), మనాస్లు (8,163 మీ.) వరుసగా కనిపిస్తాయి. ఎవరెస్టు ఖాట్మండుకు తూర్పున సుమారు 160 కి.మీ. దూరంలో ఉన్నది. ఈ ప్రయాణంలో దానిపైనే ఆశ పెట్టుకొన్నవారు నిరాశపడే అవకాశం ఎక్కువ. ఖాట్మండు నుండి భూటాన్‌లోని పారో నగరానికి పోయే విమానంలో మాత్రం, మరల ఎడమవైపుననే, అది దగ్గరగా కనిపిస్తుంది.

ఖాట్మండు నుండి ఢిల్లీకి వచ్చేటప్పుడు ఇవే శిఖరాలు కుడివైపుకు మారుతాయి. ఆరు సీట్ల వరుసలో అది "ఎఫ్" సీటు.

35,000 అడుగుల ఎత్తున క్షితిజం సుమారు 370 కి.మీ. దూరంలో ఉంటుంది. ఎత్తైన శిఖరాలు అంతకంటే దూరాన ఉన్నా క్షితిజంపైకి తల ఎత్తి కనిపించగలవు. సాధారణంగా అడ్డుపడేది దూరం కాదు, ధూళి, పొగమంచు. వర్షాలు వెనుకబట్టిన అక్టోబరు, నవంబరు నెలలు ఇందుకు అనుకూలమైనవి.

సూర్యకాంతి

సూర్యుని వైపు కిటికీలో అద్దంపై గల గీతలు, మరకలు మెరిసి దృశ్యాన్ని చెరుపుతాయి. శీతాకాలంలో ఉత్తర భారతదేశంలో సూర్యుడు పగలంతా దక్షిణానికి ఒదిగి ఉంటాడు. అందువలన హిమాలయాలను చూసేవారికి ఎండ వీపు వెనుక నుండి వచ్చి మంచుపై పడుతుంది. పోయేటప్పుడైనా, వచ్చేటప్పుడైనా ఉత్తరపు కిటికీకే ఈ లాభం. చూడవలసినది దక్షిణాన ఉన్నచోట ఈ సౌకర్యం ఉండదు.

రెక్క, వరుసలు

ఏర్‌బస్ ఎ320, బోయింగ్ 737 విమానాలలో రెక్క కిటికీలకు దిగువన ఉంటుంది. సుమారు 10 నుండి 20వ వరుస వరకు కూర్చున్నవారికి క్రింది నేల చాలావరకు కనబడదు. రెక్కకు వెనుక సీట్లలో ఇంజను వేడిగాలి వలన దృశ్యం అలలుగా కదలినట్లుండవచ్చును. ముందు వరుసలే ఉత్తమం. ఏటీఆర్ 72 విమానానికి రెక్క పైభాగాన ఉండుటచే నేల బాగుగా కనిపిస్తుంది. హైదరాబాదు నుండి సమీప పట్టణాలకు నడిచే విమానాలలో ఈ రకానివి కలవు.

కిటికీల మధ్య దూరం సుమారు 53 సెం.మీ. కాగా, సీట్ల మధ్య దూరం 71 నుండి 76 సెం.మీ. వరకు ఉంటుంది. ఈ రెండూ కలియవు కనుక కొన్ని వరుసలలో కిటికీ భుజం వెనుకకు పోతుంది. బోయింగ్ 737లో రెక్కకు ముందు, శీతలగాలి గొట్టాలు గోడలో పోయేచోట, కిటికీయే లేని "కిటికీ సీటు" ఉండటం కద్దు. అదనపు రుసుము చెల్లించేముందు ఆ విమానపు సీట్ల పటం చూసుకొనడం అవసరం.

ఇంత చూసుకొన్నా, గాలివాటాన్ని బట్టి, రద్దీని బట్టి విమానాన్ని ఏ వైపు నుండి దించాలో నియంత్రణాధికారులు అప్పటికప్పుడు నిర్ణయిస్తారు. కనుక దిగే సమయంలో కనిపించే నగరం, నది ఏ కిటికీకి వస్తాయో ముందుగా చెప్పడం కష్టం.