కంటి వెనుక తాడు

అక్కలారా! కొబ్బరి పీచు తాడు మీకు కొత్త కాదు. సన్నని పోగులు ఎన్నో కలిస్తే ఒక తాడు. మన కంటి వెనుక కూడా అలాంటి తాడు ఒకటి ఉంది. అదే చూపు నరం. పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. లావు 3, 4 మిల్లీమీటర్లు. అందులో 10 లక్షలకు పైగా పోగులు ఉంటాయి! కన్ను చూసినదాన్ని మెదడుకు చేర్చేది ఇదే.

శుక్లం అయితే ఆపరేషన్ చేస్తారు, చూపు వస్తుంది. నరం పోగులు చచ్చిపోతే మళ్లీ రావు. నీటికాసుల జబ్బులో జరిగేది ఇదే. చాలామందికి నొప్పి కూడా ఉండదు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు పశ్చిమ గోదావరితో సహా 4 చోట్ల 10 వేల మందికి పైగా పరీక్షించారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలీదు.

కోయకుండా నరాన్ని చూడడం ఎలా? దానికి ఎం.ఆర్.ఐ. అనే యంత్రం ఉంది. అది ఎక్స్‌రే కాదు. పెద్ద అయస్కాంతం. ఒంట్లోని నీటిని బట్టి బొమ్మ తీస్తుంది. తాడు కొస నీళ్లలో ముంచండి. తడి పోగుల వెంటే పైకి పాకుతుంది కదా! నరంలోనూ నీరు పోగుల వెంట తేలికగా కదులుతుంది, అడ్డంగా అంత తేలికగా కదలలేదు. పోగులు చెడితే ఈ తేడా తగ్గిపోతుంది. ఆ కదలికను బొమ్మగా తీసే పద్ధతి 1980లలో వచ్చింది.

అయితే చూపు నరంతో పెద్ద చిక్కు. నరమేమో సన్నం. కన్ను క్షణం ఊరుకోదు. అది కదిలితే నరమూ కదులుతుంది. చుట్టూ నీరు, కొవ్వు. పక్కనే ముక్కు వెనుక గాలి గదులు. వాటివల్ల బొమ్మ వంకర పోతుంది. అందుకని నరం ఉన్నంత మేరకే తీస్తున్నారు. చుట్టూ ఉన్న నీరు, కొవ్వు బొమ్మలో పడకుండా చేస్తున్నారు. చాలాసార్లు తీసి కలుపుతున్నారు. ఈ పని ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే ఉంది.

నీటికాసులు కనిపెట్టడానికి మామూలుగా ఇంత యంత్రం అక్కర్లేదు. డాక్టరు కంటి ఒత్తిడి కొలుస్తారు, లైటు వేసి నరం మొదలు చూస్తారు. కానీ ఒక కన్ను రెండు మూడు రోజుల్లో మసకబారి, కన్ను తిప్పితే నొప్పి పుడితే అది నరం వాపు కావచ్చు. వయసులో ఉన్న ఆడవాళ్లకే ఇది ఎక్కువ. ఆగకుండా వెళ్లాలి. అప్పుడు ఎం.ఆర్.ఐ. రాయవచ్చు.

లోపలికి వెళ్లేముందు నగలు, మెట్టెలు, పిన్నులు అన్నీ తీయాలి. ఒంట్లో ఇనుప ముక్క, గుండె యంత్రం, కడుపులో బిడ్డ ఉంటే ముందే చెప్పాలి. మా కేంద్రానికి వచ్చే ఒకావిడ మంగళసూత్రం తీయనని మొండికేసింది. నర్సమ్మ పసుపుతాడు కట్టుకోమంది. ఒప్పుకుంది. బయటికొచ్చి, "రైసుమిల్లులో పడుకున్నట్టుందండీ మేస్టారూ!" అంది.